కొన్న దొరగారికే కీర్తి

లియొనార్డో డావించి ఒక గుడ్డ కొన్నాడట. ఎప్పుడయ్యా అంటే 1481లో. ఎక్కడయ్యా అంటే సైప్రస్ దీవిలో, ట్రూడోస్ కొండల దక్షిణపు వాలులో ఉన్న లెఫ్కరా అనే ఊళ్లో. మిలాన్ కెథడ్రల్లో పూజాపీఠం మీద పరవడానికి బాగుంటుందని పట్టుకెళ్లాడట. ఆ ఊరి దుకాణాల్లో, బోర్డుల మీద, టూరిస్టు పుస్తకాల్లో, గైడ్ల నోళ్లలో ఎక్కడ చూసినా ఇదే కథ. ఆయన అసలా దీవిలో కాలు పెట్టాడనడానికి గట్టి ఆధారమంటూ ఏదీ లేదు. లేకపోతేనేం, కథ దివ్యంగా నడుస్తోంది. 1986లో మిలాన్ కెథడ్రల్‌కు 600 ఏళ్లు నిండిన సందర్భంలో లెఫ్కరా నుంచి మళ్లీ ఒక లేసు గుడ్డ కానుకగా వెళ్లింది కూడా.

సరే, ఆయన కొన్నాడనే అనుకుందాం. కుట్టిందెవరు? ఆమె పేరేమిటి? పోనీ ఆమె వద్దు, ఆ తర్వాత అయిదు వందల ఏళ్లలో ఆ పని చేసిన వేల మంది ఆడవాళ్లలో ఒక్కరి పేరు చెప్పమనండి. ఇంతసేపూ గడగడా మాట్లాడిన గైడు నోరు వెళ్లబెడతాడు. వచ్చాడో లేదో తెలియని మనిషికి బోర్డులు, ఉన్న మనుషులకు ఊరూ పేరూ లేదు. ఈ వారం నా కడుపుమంట ఇదే.

ఊరి అందానికి వంక పెట్టడానికి నేనెవర్ని? నికోసియా నుంచి లిమసోల్ వెళ్లే పెద్ద రోడ్డు వదిలి కొండదారి పడితే మలుపు మలుపుకీ తెల్లని సున్నపురాతి గుట్టలు, వాటి మధ్య ఎర్ర పెంకుల కప్పులు. ఎగువ ఊరు పానో లెఫ్కరా, దిగువది కాటో లెఫ్కరా. ఎగువ ఊళ్లో పవిత్ర శిలువ పేరు మీద పెద్ద చర్చి. కారు దూరడం కష్టమయ్యే సందులు. 1960 దాకా ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉన్న దీవి కాబట్టి బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి, ముసలివాళ్లకు కూడా నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చు. అన్నీ బాగున్నాయి. మనుషులే తక్కువ. 2011 లెక్కల్లోనే ఎగువ ఊరి జనాభా వెయ్యికి లోపు.

ఇంటి గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీద లినెన్ గుడ్డ పరుచుకుని కుట్టుకునే ముసలమ్మలు ఆ సందుల్లో ఇంకా కొందరున్నారు. ఒకావిడ పక్కన నేనూ స్టూలు లాక్కుని కూచున్నాను. గుడ్డ మీద పెన్సిలు గీత లేదు, అచ్చు లేదు, ఎదురుగా నమూనా కాగితమైనా లేదు. పోగులు లెక్కపెట్టుకుంటూ పోతుంది, అంతే. ఇన్ని పోగులు వదిలెయ్, ఇన్ని కత్తిరించు, కత్తిరించినవి ఒక్కొక్కటే లాగెయ్, మిగిలిన వాటిని దారంతో చుట్టి జాలీ కట్టు. లెక్కలో ఒక్క పోగు తప్పితే ఆ చివర నమూనా కలవదు. విప్పి మళ్లీ కుడదామంటే తెగిన పోగు తిరిగి రాదు. అంచు వెంట వంకరటింకరగా సాగే వరసని వాళ్లు పొటామోస్ అంటారు, నది అని. నేను మెచ్చుకోలు మాటలు వెతుక్కుంటుండగా ఆవిడ గుడ్డను టక్కున తిరగేసింది. ముడి లేదు, దారపు కొస లేదు. ఏది ముందో ఏది వెనకో చెప్పమన్నట్టు కనుబొమలెగరేసింది. కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చూసినా నావల్ల కాలేదు.

ఎంతకాలం పడుతుందని అడిగితే, పెద్ద బల్లగుడ్డయితే నెలలు పడుతుందంది. ధరెంత అని అడిగితే మాత్రం చెయ్యి ఇంట్లోకి చూపించింది. లోపల గల్లాపెట్టె దగ్గర ఒక మగమనిషి ఉన్నాడు. ధర ఆయన చెబుతాడు.

ఇదేమీ కొత్త ఏర్పాటు కాదు. 20వ శతాబ్దం మొదట్లో లెఫ్కరా మగవాళ్లు పెట్టెల నిండా లేసు సర్దుకుని, ఓడలెక్కి యూరప్‌లో ఊరూరా తిరిగి అమ్మారు. స్కాండినేవియా చలిదేశాల దాకా పోయారు. డబ్బు తెచ్చారు, ఇళ్లు కట్టారు. మనం ఫోన్లు ఎత్తి పట్టుకుని ముచ్చటపడే ఆ ఊరి సొగసులో సగం ఆడవాళ్ల కంటిచూపు అమ్మి కట్టిందే. ఊళ్లో ఒక సంపన్న కుటుంబపు మేడని ఇప్పుడు మ్యూజియం చేశారు. కుట్టుపనీ వెండిపనీ ప్రదర్శనకు పెట్టారు. దానికి పట్సాలోస్ ఇల్లని ఇంటివాళ్ల పేరే ఉంది. 2009లో యునెస్కో కూడా లెఫ్కరా లేసుని తన వారసత్వ జాబితాలో చేర్చింది. తల్లి నుంచి కూతురికి, అమ్మమ్మ నుంచి మనవరాలికి వస్తున్న విద్య అని పొగిడింది. తల్లి, కూతురు, అమ్మమ్మ, మనవరాలు! అన్నీ వరసలే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఊళ్లో చర్చితో పాటు మసీదు ఉంది. ఒకప్పుడు గ్రీకు క్రైస్తవులూ టర్కిష్ ముస్లింలూ కలిసే ఉన్నారు. 1963-64 గొడవల్లో టర్కిష్ కుటుంబాలు ఊరు వదిలిపోయాయి. 1974లో దీవే రెండు ముక్కలైంది. గీతకు అవతల ఉత్తరాన టర్కిష్ ఆడవాళ్లు ఇప్పటికీ ఇదే కుట్టు కుడతారు, లెఫ్కరా పేరుతోనే. భూమి పంచుకున్నారు, కొండలు పంచుకున్నారు, కుట్టుని పంచడం మాత్రం ఎవరివల్లా కాలేదు. టూరిస్టు బోర్డు రాసేవాడికి డావించి కన్నా ఈ కథ గొప్పగా కనపడలేదంటే ఏమనాలి?

పైగా ఇప్పుడు మిషన్ లేసు వచ్చి పడింది. బయటి దేశాల సరుకుని లెఫ్కరా పేరుతో అమ్ముతున్నారని చేతిపనివాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. గుడ్డ తిరగేస్తే తేడా తెలుస్తుంది. తిరగేసి చూసే ఓపిక ఎవడికుంది?

నేను ఆ సందులో ఉండగానే ఒక తెలుగు జంట వచ్చింది. లిమసోల్‌లో ఉద్యోగమట. ఆయన ఒక చిన్న గుడ్డ ఎత్తి ధర విని, "ఇదే మన నర్సాపురంలో అయితే అయిదొందలకిస్తారు" అన్నాడు. ఆవిడ వెంటనే, "ఏవండీ, అయిదొందలకి ఎందుకిస్తారో మా పిన్నినడగండి. కళ్లు పోయేదాకా అల్లింది" అంది. పాలకొల్లు మనిషట. ఆయన గుడ్డ కింద పెట్టేశాడు. కొన్నారో లేదో నేను చూడలేదు గానీ, ఆ పిన్నిగారు మాత్రం అప్పట్నుంచీ నన్ను వదల్లేదు.

లెఫ్కరాది లినెన్ మీద సూదిపని. మన నర్సాపురంది కొక్కెం సూదితో దారాన్నే అల్లే పని. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు నేర్పింది. పనులు వేరు, కథ ఒక్కటే. ఇంట్లో ఆడవాళ్లు పువ్వులల్లుతారు, వేరే ఆడవాళ్లు ఆ పువ్వుల్ని అతుకుతారు, ఏజెంటు వచ్చి పట్టుకెళతాడు, షావుకారు ఓడ ఎక్కిస్తాడు. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో పరిశోధన చేసి 1982లో పుస్తకం వేశారు. ఇంటిచాకిరీ చేసుకుంటూనే రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా చేతికి రూపాయి కూడా రాలేదని లెక్క తీశారు. పొలం కూలికి వెళ్లే ఆడమనిషి సంపాదన అంతకన్నా నయం. అయినా గడప దాటకుండా బతుకుతున్నామన్న మర్యాద కోసం లేసమ్మలు దాన్నే పట్టుకున్నారు. ఆ మర్యాదే వ్యాపారికి పెట్టుబడి అయింది. ఖాళీగా ఉన్నప్పుడు ఏదో అల్లుకుంటారులే అనేసి కూలి నిర్ణయించేశాడు. విదేశీ మారకం తెచ్చిపెట్టిన ఈ ఆడవాళ్లు సర్కారు లెక్కల్లో పనివాళ్లు కారు, గృహిణులు.

దేశదేశాల యూనివర్సిటీల్లో స్త్రీల శ్రమ మీద పాఠం చెప్పాలంటే ఈనాటికీ నర్సాపురం పేరెత్తుతారు. మన కాలేజీల్లో ఎంతమంది ఎత్తుతారో మీరే చెప్పాలి.

2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగు, వచ్చింది. సంతోషం. ఈ విషయంలో మనం యూరప్ కన్నా ముందున్నాం. మన జీఐ చట్టం 2003 నుంచే అమల్లో ఉంది. చేతిపనులకు అలాంటి రక్షణ యూరోపియన్ యూనియన్ అంతటికీ కలిపి 2025 డిసెంబరులో గానీ అమల్లోకి రాలేదు. కానీ ట్యాగు కాపాడేది ఊరి పేరుని. అల్లినావిడ కూలి రూపాయైనా పెంచమని ఆ ట్యాగు ఎవరినీ అడగదు. ఊరికి పేరొచ్చింది, సరుకుకి ధరొస్తుంది, ఆ ధరలో ఎంత భాగం కొక్కెం సూది దాకా వెళుతుందన్న లెక్క మాత్రం సన్మాన సభల్లో ఎవరూ విప్పరు.

పేర్ల విషయంలో నాకు పాత పగ ఒకటుంది, ఈ శీర్షిక చదివేవాళ్లకు తెలిసిందే. పోచంపల్లి తీసుకోండి, ఉప్పాడ తీసుకోండి, వెంకటగిరి తీసుకోండి. మనిషి పొద్దూ మాపూ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసిన చీరకి కొత్త సినిమా పేరు పెట్టి అమ్ముతారు. షోరూము ప్రారంభానికి హీరోయిన్ వస్తుంది, రోడ్డంతా ఆవిడ బొమ్మలే. పట్టుకి సిల్క్ మార్క్ ఉంది, చేనేతకి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. నేసినవాడి మార్క్ ఏది? సినిమా ఎంత చెత్తదైనా చివర్న లైట్‌బాయ్ పేరు కూడా వేస్తారు. చీర కొంగున నాలుగక్షరాల పేరు కుట్టడానికి ఎవరి సొమ్ము పోతుంది? ఎవరి సొమ్ము పోతుందో నాకు తెలుసు. పేరుంటే ఫోన్ నంబరు దొరుకుతుంది, నంబరు దొరికితే మధ్యవాళ్లు అక్కర్లేదు. అందుకే పేరుండదు.

ఇప్పుడు అసలు చోటికి, సర్కారు లెక్కల దగ్గరికి వస్తాను. 2011 తర్వాత మన దేశంలో జనాభా లెక్కలు జరగలేదు. 2021లో జరగాల్సినవి వాయిదా మీద వాయిదా పడ్డాయి. 2027 మార్చి 1ని ఆధారంగా పెట్టుకుని ఈసారి లెక్కిస్తామని కేంద్రం ప్రకటించింది. ప్రశ్నలు ఎన్నయినా మారనీండి, జవాబు చెప్పే మనిషి మారకపోతే ఏం లాభం? లెక్కలవాళ్లొచ్చినప్పుడు గేటు దగ్గరికి వెళ్లేది ఇంటాయన. "మా ఆవిడా? ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది." అయిపోయింది. గత ఏడాదిలో ఏ కొద్ది కాలమైనా పని చేశారా అని 2011లోనే అడిగారు. పార్ట్‌టైమ్ పనికి కూడా అందులో చోటుంది. ఆ చోటుని మన నోటితో మనమే కొట్టేయించాం. 2024లో కేంద్ర గణాంక శాఖ చేసిన సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, ఆ పని చేసే మగవాళ్లు 88. ఆ 289 నిమిషాలు అయ్యాకే లేసు, ఆ తర్వాతే బీడీ చేట. దీన్ని ఖాళీ సమయం అన్నవాణ్ని ఒక్కరోజు ఆ పీట మీద కూచోబెట్టాలి.

డావించికి ఆధారం లేకపోయినా బోర్డు దక్కింది. మన ఆడవాళ్ల పనికి ఆధారం కళ్ల ముందే ఉంది, రాయించుకోవడమే తరువాయి. లేసల్లినా, బీడీలు చుట్టినా, అప్పడాలు ఒత్తినా, జాకెట్లు కుట్టినా అది పనే. అమ్మలారా, 2027 ఫిబ్రవరిలో లెక్కలవాళ్లు మీ తలుపు కొట్టినప్పుడు మీరే బయటికి రండి. మీ పేరు మీరే చెప్పండి, చేసే పని పేరు పెట్టి రాయించండి. అయ్యలారా, ఆ అయిదు నిమిషాలు మీరు లోపలే ఉండండి.