కృత్రిమ కన్ను కదలికకూ ఒక కొలత ఉండాలి

మా తమ్ముడికి ఎడమ కన్ను కృత్రిమం. తొమ్మిదేళ్ళప్పుడు వరంగల్‌లో వాడకట్టు పిల్లలతో చిర్రగోనె ఆడుతుంటే చిర్ర ఎగిరొచ్చి తగిలింది. కన్ను తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు మా ఇంట్లో ఎవరమూ దాని గురించి మాట్లాడలేదు. పెళ్లిచూపుల నాడు అమ్మ నల్లద్దాలు పెట్టుకొమ్మంది. వాడు పెట్టుకోలేదు, అది వేరే సంగతి.

మెల్‌బోర్న్ నుంచి వీడియో కాల్ చేసినప్పుడల్లా నాకు ఒకటే కనిపించేది. పక్కన కూర్చున్న అమ్మ వైపు చూడాలంటే వాడు తల మొత్తం తిప్పుతాడు. తల తిప్పకపోతే కుడి కన్నే వెళ్తుంది, ఎడమది అక్కడే నిలబడిపోతుంది. "డాక్టర్‌ను అడగరాదురా" అంటే, "అడిగిన అన్నా, బాగనే ఉంది అన్నరు" అన్నాడు.

బాగానే అంటే ఎంత? ఆఫీసులో "సర్వర్ బాగానే ఉంది" అని ఎవరైనా అంటే ఊరుకుంటామా? అంకె చూపించమంటాం.

కృత్రిమ కన్ను అసలెందుకు కదులుతుందో ముందు చెప్పాలి. బయటికి కనిపించేది అక్రిలిక్‌తో చేసిన పలుచటి డొప్ప. (రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి గాజు కళ్ళు రావడం ఆగిపోయాక అమెరికాలో ఈ ప్లాస్టిక్ కళ్ళు మొదలయ్యాయి.) దాని వెనక, కంటి గుంటలో, ఆపరేషన్ సమయంలో అమర్చిన గుండ్రటి ఇంప్లాంట్ ఉంటుంది. కంటి కండరాలు దాన్ని తిప్పితే పైనున్న పొర కదులుతుంది, పొరతో పాటు డొప్ప కదులుతుంది. డొప్ప వెనక భాగం గుంటకు సరిగ్గా అతకకపోతే ఇంప్లాంట్ తిరిగినా ఆ కదలిక డొప్ప దాకా రాదు. మావాడిది ట్రేలోంచి రంగు చూసి ఏరి పెట్టిన రెడీమేడ్ కన్ను.

కొలవడానికి పెద్ద యంత్రం అవసరం లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో తయారైన ఇమేజ్‌జే అనే ప్రోగ్రాం 1997 నుంచి ఉచితంగా దొరుకుతోంది. కదలిక కొలిచే పరిశోధకులు ఇలాంటి సాధనాలే వాడతారు. తమ్ముడిని గడ్డం ఒకచోట ఆనించి, నుదుటి మీద చిన్న స్కేలు ముక్క అతికించుకొని ఐదు ఫోటోలు తీయించుకొమ్మన్నాను: నేరుగా, ఎడమకు, కుడికి, పైకి, కిందికి. స్కేలును బట్టి ఒక మిల్లీమీటరుకు ఎన్ని పిక్సెళ్ళో తెలుస్తుంది. ముక్కు వైపున్న కంటి కొస నుంచి నల్లగుడ్డు మధ్య దాకా ప్రతి ఫోటోలో కొలిచి, నేరుగా చూసిన ఫోటోతో తేడా తీయడమే. తల ఏమాత్రం తిరిగినా లెక్క తప్పుతుంది. మొదటి రెండుసార్లు మాకు తప్పింది కూడా. పైగా గోళం తిరగడాన్ని చదునైన ఫోటోలో కొలుస్తున్నాం కాబట్టి ఇది వైద్యుడి పరీక్షకు బదులు కాదు. రెండు కళ్ళనూ పోల్చుకోవడానికి మాత్రం చాలు.

ఎడమకు చూసినప్పుడు కుడి కన్ను 8 మిల్లీమీటర్లు జరిగింది. కృత్రిమ కన్ను 2.

ఆ కాగితం పట్టుకొని వాడు హైదరాబాద్‌లో వేరే నిపుణుడి దగ్గరకు వెళ్ళాడు. ఈసారి "బాగానే ఉంది" అనే మాట రాలేదు. గుంట అచ్చు తీసి, దానికి తగ్గట్టు కొత్త కన్ను చేశారు. ఇప్పుడు 4.5. రెండో కంటితో సమానం కాదు, ఎప్పటికీ కాకపోవచ్చు. కానీ ఎదురుగా మనిషితో మాట్లాడేటప్పుడు కళ్ళు ఆ చివర నుంచి ఈ చివరకు తిరగవు కదా, ఆ కొద్దిపాటి కదలికే ముఖ్యం.

నేననేది ఇదీ. కృత్రిమ కన్ను అమర్చిన ప్రతి చోటా రంగు, సైజుతో పాటు కదలిక కూడా కొలిచి, ఆ కాగితం పేషెంటు చేతికివ్వాలి. అడగాల్సింది మనమే. దేశం కాని దేశంలో ఉన్న మనం ఇంటికి డబ్బు పంపుతాం, ఫోన్లు పంపుతాం, ఈ ప్రశ్న మాత్రం మొహమాటంతో అడగం. ఇక్కడ ఆస్ట్రేలియాలో అర్హత ఉన్నవాళ్ళకు ఎన్‌డీఐఎస్ ఉంది. దరఖాస్తు నాటికి 65 ఏళ్ళలోపు ఉండాలి, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు వర్తించదు. వాళ్ళకు హైదరాబాదే దిక్కు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల మనిషి గుంటకు తగ్గట్టు కన్ను చేసే వసతి అక్కడ ఉంది. సెలవుల్లో వెళ్ళినప్పుడు పెళ్లిళ్ళు, గుళ్ళ మధ్య ఒక రోజు దీనికి తీయండి. ఇంకా ఆపరేషన్ కానివాళ్ళయితే, ఏ ఇంప్లాంట్ పెడతారు, కండరాలను దానికి ఎలా కలుపుతారు అన్నది ముందే అడగండి. తర్వాత డొప్ప ఎంత బాగా చేసినా, లోపల కదలిక లేకపోతే బయటికి తేలేరు.

తమ్ముడి కన్ను ఏడాదికోసారి పాలిష్ చేయించాలి. ఈసారి వెళ్ళేముందు మళ్ళీ ఐదు ఫోటోలు తీసి పంపమన్నాను. "స్కేలు ముక్క పోయింది అన్నా" అంటున్నాడు.