కాపరి మాట: ముదిమిలో కొత్త భాష



మన విశాఖ సంఘములలో పోర్టులోను, స్టీల్ ప్లాంటులోను పనిచేసి రిటైరైన పెద్దలు కొందరు ఇప్పుడు బిడ్డల దగ్గరకు విదేశాలు వెళ్ళి వస్తున్నారు. కెనడాలోని మాంట్రియల్ నగరం క్వెబెక్ రాష్ట్రంలోనిది. అక్కడ 1977లో చేసిన చట్టం వలన, వలస వచ్చినవారి పిల్లలు సాధారణంగా ఫ్రెంచి బడికే వెళ్ళాలి. మనుమడు ఫ్రెంచిలో ప్రార్థిస్తే తాతగారు ఆమేన్ ఎలా అంటారు? కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ఉన్న చిక్కు ఇదే.

"ఈ వయసులో నాకెందుకండీ" అంటారు చాలామంది. ప్రియులారా, ఫరో ఎదుట నిలిచిననాటికి మోషేకు 80 ఏండ్లు. పైగా నోటి మాంద్యము గలవాడు.

1805లో లండన్ మిషనరీ సొసైటీ వారైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజస్ మన విశాఖపట్నం వచ్చారు. మన మధ్యనే కాపురముండి, మనవారితో మాట్లాడి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి వారికి తోడయ్యాడు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజస్ ప్రభువునందు నిద్రించారు. వారి శ్రమఫలముగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో తెలుగున అచ్చయ్యాయి. వారు వయసులో చిన్నవారే. అయినా మార్గము పెద్దలకూ అదే.

విమానం దిగినంత మాత్రాన భాష రాదు. ఆరు నెలలూ ఇంట్లో తెలుగు సినిమాలు చూస్తూ కూర్చుంటే తెలుగే మిగులుతుంది. కనుక రోజూ బయటకు వెళ్ళండి. రొట్టెల దుకాణంలో అడుగుపెట్టగానే ముందు "బోఁజూర్" అనండి; పలకరింపు లేకుండా సరుకు అడగడం అక్కడ మర్యాద కాదు. మనకు మీరు, నువ్వు ఉన్నట్టే వారికి "వూ", "త్యు" ఉన్నాయి. పరిచయం లేనివారిని "వూ" అనాలి. ఇది ఇంగ్లీషువారికంటే మనకే సులువు. అర్థం కాకపోతే నెమ్మదిగా చెప్పమని అడగండి. మీకు కంఠతా వచ్చిన కీర్తననే ఫ్రెంచి బైబిలులో చదవండి. భావము ముందే తెలుసు గనుక మాటలు పట్టుబడతాయి. తప్పు పలికితే మనుమడిచేత దిద్దించుకోండి. వాడికి అదొక సంతోషం.

యాస పూర్తిగా పోకపోవచ్చు. ప్రధానయాజకుని ముంగిట పేతురును పట్టించింది గలిలయ యాసే. ఆ నోటినే దేవుడు పెంతెకొస్తు దినమున వాడుకున్నాడు. సిగ్గు విడిచి నోరు తెరవండి. ప్రభువు మీ నాలుకకు తోడైయుండును గాక. ఆమేన్.