పుస్తకం రాసి జైలుకెళ్లిన పోలీసు బాస్

మా ఆఫీసులో టర్కీ మిత్రులు తమ దేశ రాజకీయాలు ఎర్దోగాన్‌తో మొదలుపెడతారు. నన్నడిగితే హనెఫీ అవ్జీ అనే పోలీసు అధికారి ఉద్యోగ జీవితం చూస్తే ఆ దేశం ఇంకా బాగా అర్థమవుతుంది.

1996 నవంబరు 3న సుసుర్లుక్ దగ్గర ఓ మెర్సిడెస్ కారు లారీని గుద్దింది. కారులో ఎవరున్నారనుకున్నారు? ఒక సీనియర్ పోలీసు అధికారి, హత్య కేసుల్లో పోలీసులే వెతుకుతున్న అబ్దుల్లా చాట్లీ, అతని స్నేహితురాలు, అధికార కూటమి ఎంపీ. బతికింది ఎంపీ ఒక్కరే. అప్పట్లో పోలీసు నిఘా విభాగంలో పెద్ద హోదాలో ఉన్న అవ్జీ పార్లమెంటు కమిటీ ముందు, ప్రభుత్వ యంత్రాంగంలోనే చట్టానికి అందని ముఠాలున్నాయని వాంగ్మూలమిచ్చారు. సర్వీసులో ఉండి అంత మాట అన్నవాళ్లు అరుదు. అలాగని ఆయన్ని మహాత్ముణ్ణి చేయనక్కర్లేదు. 1980ల నాటి కస్టడీ హింస ఆరోపణలు ఆయన మీదా ఉన్నాయి.

అసలు కథ 2010 ఆగస్టులో. ఎస్కిషెహిర్ పోలీసు చీఫ్‌గా ఉంటూనే పుస్తకం అచ్చేశారు. ఫెతుల్లా గులెన్ అనుచరులు పోలీసు శాఖలో, కోర్టుల్లో పాతుకుపోయారని, అక్రమంగా ఫోన్లు విని గిట్టనివాళ్లపై కేసులు అల్లుతున్నారని రాశారు. తన పిల్లల్ని గులెన్ బడుల్లోనే చదివించిన మనిషి! ఆ గులెన్ ఉండింది మా న్యూజెర్సీ పక్కనే, మనవాళ్లు వీకెండ్‌కి వెళ్లే పోకొనోస్ కొండల్లో.

ఆ తర్వాతి నెల, సెప్టెంబరులో అరెస్టు. ఆరోపణ ఏమిటంటే, ఒక వామపక్ష సాయుధ సంస్థకు సాయం చేశారని. జీవితమంతా వామపక్షాలను వేటాడిన అధికారిపై ఈ కేసు! 2013లో 15 ఏళ్లకు పైగా శిక్ష పడింది.

అదే డిసెంబరులో మంత్రుల కొడుకుల్ని అవినీతి కేసులో పోలీసులు పట్టుకోవడంతో ఎర్దోగాన్‌కు, గులెన్ వర్గానికి బహిరంగంగా చెడింది. 2014 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో అవ్జీ బయటికొచ్చారు. న్యాయం గెలిచిందా, గాలి మారిందా? రెండోదానిదే ఎక్కువ పాత్రని నా అభిప్రాయం.

సిస్టమ్స్ పనిలో ఉన్నవాడిగా నాకు పట్టేది ఒక్కటే. ఫోన్లు వినే యాక్సెస్ ఎవరి చేతిలో ఉంది, దాన్ని ఆడిట్ చేసేదెవరు? తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు చదివేటప్పుడూ నేను వెతికింది ఇదే. టర్కీలో 2016 తిరుగుబాటు యత్నం తర్వాత వేలమంది పోలీసుల్ని తీసేశారు. ఆ యాక్సెస్‌ను మాత్రం ఎవరూ తీసేయలేదు.