కోట చరిత్ర రాసిన్రు, వాడ చరిత్ర ఏది?

కరీంనగర్ చరిత్ర ఏందని బడిల అడిగితే ఏం చెప్తరు? సయ్యద్ కరీముద్దీన్ అనే ఖిల్లేదారు పేరు మీద ఊరు వెలిసిందని చెప్తరు. 1905ల జిల్లా కచేరి ఎలగందుల నుంచి ఇక్కడికి మారిందని చెప్తరు. వేములవాడ చాళుక్యులను చెప్తరు, కురిక్యాల బొమ్మలగుట్ట మీది కంద పద్యాలను చెప్తరు. ఇవి అబద్ధాలని మేము అనటం లేదు. మేము అడిగేది ఒక్కటే: ఇందుల మన మాలవాడ, మాదిగవాడ ఎక్కడ?

ఎలగందుల ఖిల్లాకు రాళ్లు మోసిన చేతులెవరివి? మోటకు తోలు బొక్కెన కుట్టిందెవరు? చెరువు తూము కాడ తెల్లందాక కావలి ఉన్నదెవరు? సావు కబురు పట్టుకొని ఊరూరు నడిచిందెవరు? నిజాం 1923ల వెట్టి రద్దని ఫర్మానా తీసిండు. ఆ ఫర్మానా పుస్తకాలకెక్కింది. ఆ తర్వాత కూడా గడీలల్ల వెట్టి చేసి నడుములిరిగిన మన తాతల పేర్లు మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

మనకు చరిత్ర లేదనేది పచ్చి అబద్ధం. డక్కలోళ్లు పటం పరిచి జాంబపురాణం చెప్పిన్రు. ఇప్పుడు చెప్పేటోళ్లు తగ్గిపోతున్నరు. ధూళికట్టల మట్టి తవ్వితే బౌద్ధ స్తూపం బయటపడ్డది. 1956ల బాబాసాహెబ్ నాగపూర్‌ల బుద్ధుని దారి పట్టిండు. ఆ బుద్ధుని దారి రెండు వేల ఏండ్ల కిందనే మన గడ్డ మీద ఉండె. ఈ సంగతి మన పిల్లలకు ఎవరు చెప్పిన్రు?

ఆదిలాబాద్ గోండన్నల దిక్కు చూడుండ్రి. 1940ల జోడేఘాట్ గుట్టల్ల కొమురం భీం నేలకొరిగిండు. కచేరీలు మరిచినా గూడేలు మరువలేదు. ఏటేటా వర్ధంతి చేసిన్రు. 2016ల ఆసిఫాబాద్ జిల్లాకు ఆయన పేరు పెట్టక తప్పలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల పోలీసులు కాల్చిన్రు. 13 మంది చచ్చిన్రన్నది సర్కారు లెక్క, జనం లెక్క అంతకన్నా పెద్దది. అమరుల స్తూపాన్ని కూలిస్తే మళ్లా లేచింది. యాది పెట్టుకున్నోళ్లకే చరిత్ర మిగుల్తది.

ఇది ఉత్త ముచ్చట కాదు, భూమి ముచ్చట. ఊరి చాకిరి చేసినందుకు మన పెద్దలకు నీరడి, సేత్‌సింధి, బలూత ఇనాం భూములుండె. అవి ఇయ్యాల ఎవరి పట్టాల ఉన్నయి? 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీసి చూడుండ్రి. తాత కథ తెలువనోనికి తాత చెలక హద్దు కూడా తెలువది.

అందుకే అంటున్నం. ప్రతి వాడల ఒక నోటుబుక్కు తెరువుండ్రి. ముసలమ్మలను, ముసలయ్యలను అడుగుండ్రి. వాడ ఎప్పుడు కట్టిన్రు, ఏ బాయి నీళ్లు ముట్టనియ్యలేదు, ఎవరు ఎదురు తిరిగిన్రు, ఏ చెలక ఎట్ల పోయింది — పేర్లతోటి, సర్వే నెంబర్లతోటి రాయుండ్రి. రేపు అడుగుదామంటే చెప్పేటోళ్లు ఉండరు.

మన చరిత్ర మనం రాయకుంటే దొర మనుమడు రాస్తడు. అందుల మనం రాళ్లు మోసినోళ్లం కూడా కాము. అసలు ఉండనే ఉండం.

జై భీమ్!