చెవిలో గురగుర, చదువులో వెలితి

సైన్సు విద్యార్థికి ముందు ప్రశ్న పుట్టాలి, తర్వాత జవాబు దొరకాలి అంటారు పెద్దలు. మన ప్రయోగశాలల్లో మాత్రం ప్రశ్నకన్నా ముందే జవాబు పుడుతున్నది. గ్రాఫు ఎట్లా రావాలో సీనియర్ల రికార్డు తెరిస్తే తెలిసిపోతుంది. రిపుల్ గుణకం అర్ధ తరంగ రెక్టిఫయరుకు 1.21, పూర్ణ తరంగానికి 0.48 అని నిద్రలో లేపి అడిగినా చెప్తాం. కాని ఆ రిపులే ఒక హెడ్‌ఫోన్ యాంప్లిఫయరులో దూరి చెవి దగ్గర గుర్రుమంటుంటే, ఇది ఫలానా అని గుర్తుపట్టగలవాళ్లం మనలో ఎంతమందిమి? నేనిక్కడ వాదించదలచింది ఒక్కటే. లోపాన్ని వెతికి పట్టుకోవడం కూడా చదువే. దానికి మన ప్రాక్టికల్స్‌లో చోటుండాలి.

ఉదాహరణకు హెడ్‌ఫోన్ యాంప్లిఫయరునే ఎందుకు తీసుకున్నానంటే, ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టమున్న విద్యార్థి మొట్టమొదట కట్టే వస్తువుల్లో అదొకటి. ఎల్.ఎం.386 అనే ఎనిమిది కాళ్ల చిప్పు, నాలుగైదు కెపాసిటర్లు, ఒక వాల్యూం కంట్రోలు ఉంటే చాలు. చిప్పు ఖరీదు రెండు ప్లేట్ల మిర్చి బజ్జీలకు మించదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీద హాయిగా పాడుతుంది. బ్యాటరీ ఊరికే అయిపోతున్నదని ట్రాన్స్‌ఫార్మరు, రెక్టిఫయరు తగిలించగానే కథ మొదలవుతుంది. పాట వెనుక సన్నగా గురగుర. వెంటనే చిప్పు మారుస్తారు. పోదు. కెపాసిటరు మారుస్తారు. పోదు. చివరకు "ఈ సర్క్యూటే మంచిది కాదు" అని అటక మీద పడేస్తారు. జ్వరమెందుకు వచ్చిందో చూడకుండా మాత్ర మీద మాత్ర మింగించడం లాంటిదే ఇది.

హెడ్‌ఫోన్‌కే ఈ బాధ ఎందుకు ఎక్కువ? అది చెవికి అంటుకొని ఉంటుంది గనుక. మామూలు హెడ్‌ఫోన్ ఒక మిల్లీవాట్ శక్తికే సుమారు 100 డెసిబెల్సు మోగుతుంది. దాని నిరోధం 32 ఓములైతే అందుకు కావలసింది 0.18 వోల్టులు. అందులో వెయ్యో వంతు, అంటే 0.18 మిల్లీవోల్టు చొరబడినా రాత్రి నిశ్శబ్దంలో చెవి పట్టేస్తుంది. గదిలో దూరంగా పెట్టిన స్పీకరైతే దాన్ని మనకు తెలియకుండా మింగేసేది.

ఇక వెతికే పద్ధతి. మొదటి పరీక్ష, ట్రాన్స్‌ఫార్మరు తీసి బ్యాటరీ పెట్టండి. గురగుర పోయిందా? నేరం పవరు సప్లయిది గాని, అది తెచ్చిన కనెక్షన్లది గాని. పోలేదా? రెండో పరీక్ష, ఇన్‌పుట్ తీగను గ్రౌండుకు కలపండి. ఇప్పుడు పోతే అది బయటినుంచి వస్తున్నది, కవచం లేని తీగో, పాటనిచ్చే పరికరమో కారణం. మూడో పరీక్ష చెవితోనే. మన కరెంటు 50 హెర్ట్జులు. శబ్దం అదే స్థాయిలో ఉంటే చుట్టుపక్కల తీగలనుంచి గాని, ఎర్తు చుట్టునుంచి గాని వచ్చినట్లు. పూర్ణ తరంగ రెక్టిఫయరు రిపులైతే రెట్టింపు, 100 హెర్ట్జులు. వాల్యూం తిప్పుతుంటే కరకరమంటే కంట్రోలులో దుమ్ము. డుగుడుగుమని ఆగి ఆగి కొట్టుకుంటే చిప్పు పక్కన సప్లయి కెపాసిటరు లేదని అర్థం. అయిదు నిమిషాల పని ఇది. దీనికి ముందు సోల్డరింగు ఐరన్ ముట్టుకోనక్కరలేదు.

సప్లయిదే నేరమని తేలిందనుకుందాం. చాలామంది 7809 రెగ్యులేటరు పెట్టి, తొమ్మిది వోల్టులు కావాలి కదా అని తొమ్మిది వోల్టుల ట్రాన్స్‌ఫార్మరే కొంటారు. ఇక్కడ మనం క్లాసులో చేసే లెక్కే వేసి చూడండి. తొమ్మిది వోల్టుల ఆర్.ఎం.ఎస్.కు శిఖరం 12.7. బ్రిడ్జిలో రెండు డయోడ్లు 1.4 తింటాయి, మిగిలింది 11.3. కెపాసిటరు 1000 మైక్రోఫారడ్లు, వాడకం 50 మిల్లీఆంపియర్లు అయితే రిపుల్ సుమారు అర వోల్టు. అంటే లోయల్లో 10.8 దాకా పడుతుంది. రెగ్యులేటరు సక్రమంగా పనిచేయాలంటే అవుట్‌పుట్ కంటే సుమారు రెండు వోల్టులు ఎక్కువ, అంటే 11 ఉండాలి. లైనులో పూర్తి 230 ఉన్నప్పుడే పరిస్థితి అంచు మీద ఉన్నది. ఇక సాయంత్రం వోల్టేజీ 190కి పడితే? శిఖరం 10.5, డయోడ్లు పోగా 9.1. రెగ్యులేటరు చేతులెత్తేస్తుంది, రిపుల్ నేరుగా చెవిలోకి వస్తుంది. పన్నెండు వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు పెట్టి ఇదే లెక్క వేస్తే 190 దగ్గర కూడా లోయల్లో 12.1 మిగులుతుంది. పొద్దున బాగుండి సాయంత్రం మొరాయించే యాంప్లిఫయరు రహస్యం చాలాసార్లు ఇంతే. మల్టీమీటరు ఈ లోయలను చూపించదు, సగటు చూపిస్తుంది. మన ల్యాబులోని సి.ఆర్.ఓ. చూపిస్తుంది.

రెండో దొంగ గ్రౌండు తీగ. బొమ్మలో గ్రౌండంటే ఒక గీత, అంతటా సున్నా. నిజంలో అది రాగి తీగ, దానికీ నిరోధం ఉంటుంది. రెక్టిఫయరునుంచి కెపాసిటరుకు కరెంటు ధారగా పోదు, సెకనుకు వందసార్లు దెబ్బలు దెబ్బలుగా పోతుంది. ఒక్కో దెబ్బ అర ఆంపియరు, తీగ నిరోధం 20 మిల్లీఓములు అనుకుంటే ఆ తీగ మీద 10 మిల్లీవోల్టులు పుడతాయి. ఇన్‌పుట్ గ్రౌండును కూడా అదే తీగకు అతికిస్తే ఆ పదీ పాటలో కలిసి, చిప్పులో ఇరవై రెట్లు పెరుగుతాయి. పొలంలో చూసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఒకే కాల్వ మీద ఎగువన ఒకరు తూము ఎత్తి దించుతుంటే దిగువ మడిలో నీళ్లు నిలకడగా పారవు. ఎవరి కాల్వ వారికి వేయాలి. కెపాసిటరు ఋణ ధ్రువం దగ్గర ఒకే చుక్కను గ్రౌండుగా పెట్టుకొని, ఒక్కో భాగానికి వేరు తీగ తీయడమే మందు.

పూర్తిగా పోని శబ్దమూ ఒకటున్నది, సన్నని "స్‌స్‌" మోత. రెసిస్టరులో ఎలక్ట్రానుల ఉష్ణ చలనం వల్ల అది పుడుతుందని బెల్ ప్రయోగశాలలో జాన్సన్ కొలిచాడు, నైక్విస్ట్ సిద్ధాంతం చెప్పాడు. ఇద్దరి పత్రాలూ 1928లో వచ్చాయి. పది కిలోఓముల రెసిస్టరు మన గది వేడిమిలో, వినికిడి పరిధి అంతటా కలిపి, సుమారు 1.8 మైక్రోవోల్టులు తానే పుట్టిస్తుంది. ప్రకృతి పెట్టిన హద్దు ఏది, మన నిర్లక్ష్యం ఏది అన్న తేడా తెలియడం సైన్సు కాక మరేమిటి?

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేస్తే గురగుర పోతుందని కొందరు సలహా ఇస్తారు. కొన్నిసార్లు పోతుంది కూడా! ఎర్తు చుట్టు తెగుతుంది గనుక. కాని లోపల ఫేజు తీగ ఊడి ఇనుప పెట్టెకు తగిలిన రోజు ఫ్యూజు పోదు, మనిషి పోతాడు. రైతు కుటుంబంలో పుట్టినవాడికి ఎర్తు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. బావి కాడ స్టార్టరు డబ్బాకు ఎర్తింగు లేక ప్రాణాలు పోయిన వార్తలు వానకాలం వస్తే చదువుతూనే ఉన్నాం. రెండు పరికరాలనూ ఒకే బోర్డుకు తగిలించండి, మధ్యలో ఆడియో ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి, అదీ కుదరకపోతే గురగురతోనే వినండి. ఎర్తును మాత్రం ముట్టుకోకండి. కారణం తెలియని చిట్కా ఎంత ప్రమాదమో ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఇదంతా పుస్తకంలో లేనిది కాదు. రిపుల్, ఓం సూత్రం, ఆర్.ఎం.ఎస్. అన్నీ మన సిలబస్సులోనివే. లేనిదల్లా వాటిని తిరగేసి వాడే అలవాటు. రీడింగు తేడా వస్తే దాన్ని దాచి, రావలసిన అంకె రాసుకోవడం నేర్చుకున్నాం. మాబోటి ఊళ్ల పిల్లలు గదులు తీసుకొని ఉండే కొత్తవాడ షత్రంజీలకు పేరుపొందిన వాడ. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అక్కడ మగ్గం మీద పడుగు పోగు తెగితే నేతన్న మగ్గాన్ని తిట్టడు, తెగలేదని బుకాయించడు. తెగిన కొసలు వెతికి, ముడేసి ముందుకు పోతాడు. పోగు తెగడం అతనికి అవమానం కాదు, పనిలో భాగం. మనకు మాత్రం లోపమంటే మార్కులు పోవడం!

అందుకే నా మనవి. సెమిస్టరుకు ఒక్క ప్రాక్టికల్ ఇట్లా పెట్టండి. పనిచేసే సర్క్యూటులో అధ్యాపకులే ఒక లోపం చేసి ఇవ్వాలి. విద్యార్థి ఏ పరీక్ష ఎందుకు చేశాడో, దానివల్ల ఏది తేలిపోయిందో వరుసగా రాయాలి. లోపం దొరక్కపోయినా వెతికిన తీరుకు మార్కులివ్వాలి. సమయం చాలదని గురువులు అనవచ్చు. ఒకరిది చూసి ఒకరు గీసే గ్రాఫుల్లో ఒక్కటి తగ్గిస్తే సమయం దొరుకుతుంది. సామాను పాడవుతుందని అనవచ్చు. తక్కువ వోల్టేజీ సర్క్యూటులో పాడయ్యేది మహా అయితే ఒక చిప్పు. మెయిన్సు వైపు పని మాత్రం గురువుల సమక్షంలోనే జరగాలి. విద్యార్థి సంఘం కూడా ఊరుకోకూడదు. వారానికి ఒక సాయంత్రం ల్యాబులో ఒక బల్ల, సి.ఆర్.ఓ., సోల్డరింగు ఐరన్ తెరిచి ఉంచమని ప్రిన్సిపాలుగారిని అడగాలి. పాడైన రేడియోనో, ఎలిమినేటరునో పట్టుకొని ఎవరైనా రావచ్చు.

మన డిగ్రీ చేతపట్టుకొని రేపు ఊళ్లోకి పోతే, "నువ్వు సైన్సు చదివినవు గదా, ఈ మోటరు ఎందుకు నడుస్తలేదో చూడు బిడ్డా" అని అడిగే పెద్దమనిషి ఒకరు తప్పక ఉంటారు. 0.48 అని చెప్తే ఆయన ఊరుకోడు. ఎక్కడ వెతకాలో తెలిసినవాళ్లను తయారుచేయడం మన కళాశాల బాధ్యత. తయారుకావాలని పట్టుబట్టడం మన హక్కు.