డ్రమ్ము వాయించేవాడికి స్వరాలెందుకట!

జాజ్ సంగీతం వాళ్ళలో ఒక పాత హాస్యం ఉంది. "ఎప్పుడూ సంగీత విద్వాంసుల వెంట తిరిగే మనిషిని ఏమంటారు?" అని ఒకడు అడుగుతాడు. "డ్రమ్మర్ అంటారు" అని రెండోవాడి జవాబు. అందరూ పకపకా నవ్వుతారు. నాకు నవ్వు రాదు. "వారం వారం సీరియల్ రాసే ఆవిడకి సాహిత్యమేం తెలుసు?" అన్న మాట ఏళ్ళ తరబడి వింటున్నదాన్ని. ఈ రెండు మాటల పుట్టిల్లూ ఒకటే.

ఆ నవ్వేవాళ్ళ ముందు లూయీ బెల్సన్ అనే మనిషిని నిలబెడతాను. ఏం జవాబు చెబుతారో చెప్పమనండి.

ఆయన 1924లో అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్ ఫాల్స్ అనే ఊళ్ళో, ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. తండ్రికి వాయిద్యాల దుకాణం ఉండేది. పదిహేనేళ్ళప్పుడు స్కూలు డ్రాయింగు క్లాసులో ఓ డ్రమ్ సెట్టు బొమ్మ గీశాడు. మామూలుగా కుడికాలికి ఒక్క పెద్ద డ్రమ్మే కదా, ఈ కుర్రాడు ఎడమకాలికీ ఒకటి తగిలించాడు. ఇంకేం! జీవితాంతం జనానికి ఆ రెండు డ్రమ్ములే కనిపించాయి. వాటి వెనక కూర్చున్న మనిషి చేతిలో పెన్సిల్ కూడా ఉందని గమనించినవాళ్ళు తక్కువ.

బిగ్ బాండ్ అంటే ఆషామాషీ కాదండీ. ట్రంపెట్లు నాలుగైదు, ట్రాంబోన్లు మూడు నాలుగు, శాక్సఫోన్లు అయిదు, పియానో, బాస్, డ్రమ్ములు. పదిహేను, పదిహేడు మంది. ఎవరెప్పుడు అందుకోవాలి, ఎవరెప్పుడు నోరు మూసుకోవాలి, ఏ స్వరం మీద ఏ స్వరం పేర్చాలి అన్నదంతా కాగితం మీద రాసిపెట్టేవాడు అరేంజర్. తమాషా ఏమిటంటే, డ్రమ్మర్‌కిచ్చే కాగితంలో చాలాసార్లు పెద్దగా ఏమీ ఉండదు. నాలుగు గీతలు, అక్కడో గుర్తు, ఇక్కడో గుర్తు. కాని ట్రంపెట్లన్నీ ఒక్క ఉదుటున విరుచుకుపడే ముందు వాటికి దారి వెయ్యాల్సింది ఆయనే. అర మాత్ర ముందు పడితే రసాభాస, వెనక పడితే బాండంతా కుంటుతుంది. అంటే మిగతా అందరి కాగితాలూ ఆయన బుర్రలో ఉండాలి. అలాంటివాడు అరేంజర్ కావడం వింతా? కాకపోతే వింత!

బెన్నీ గుడ్‌మన్, టామీ డార్సీ, హారీ జేమ్స్‌ల దగ్గర వాయించి, 1951లో డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో చేరాడు. ఎలింగ్టన్, ఆయనకి తోడు బిల్లీ స్ట్రేహార్న్, ఇద్దరు మహా స్వరకర్తలున్న కొంప అది. అక్కడికి డ్రమ్మర్‌గా వెళ్ళి తను రాసిన కాగితాలు చేతిలో పెట్టడానికి ఎంత గుండె కావాలి! 'స్కిన్ డీప్', 'ది హాక్ టాక్స్' ఆ బృందం వాయించింది, రికార్డు చేసింది. ఎలింగ్టన్ మొహమాటానికి వాయించాడంటారా?

పాపం, 'స్కిన్ డీప్' గతి చూడండి. హైఫై సెట్లు కొత్తగా వస్తున్న రోజులు. కొన్నవాళ్ళు చుట్టాల్ని కూచోబెట్టి స్పీకర్ల బలం చూపించుకోవడానికి ఆ రికార్డు పెట్టేవాళ్ళట, మోత కోసం! ఆ మోత ఎక్కడ మొదలవ్వాలో, దానిముందు బాండు ఎంత మాట్లాడి ఆగాలో రాసింది కూడా ఆ చేతులేనన్న సంగతి ఎవరిక్కావాలి?

1952లో లండన్‌లో గాయని పెర్ల్ బెయిలీని పెళ్ళాడాడు. ఆమె నల్లజాతి, ఈయన తెల్లజాతి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అప్పటికది నేరం. 1967లో గాని సుప్రీంకోర్టు ఆ చట్టాలను కొట్టెయ్యలేదు. ఎలింగ్టన్ బృందంతో దక్షిణ రాష్ట్రాలకి వెళ్ళినప్పుడు హైతీ దేశస్థుడని చెప్పి నెట్టుకొచ్చిన మనిషి ఆయన. 1953లో ఆ బృందం వదిలి భార్య కచేరీలకి సంగీత దర్శకుడయ్యాడు. ఇక్కడ పెదవి విరిచేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మొగుడు పాడుతుంటే వెనక తంబూరా పట్టుకున్న ఆవిడ సహధర్మచారిణి. పెళ్ళాం పాడుతుంటే వెనక బాండు నడిపినవాడు కొంగు పట్టుకు తిరిగినవాడూ! 1990లో ఆవిడ పోయేదాకా ఆ కాపురం నిలిచింది. ఎవరి చట్టాలు నిలిచాయి?

అంతటితో ఆయన పని అయిపోలేదు కూడా. 1965లో ఎలింగ్టన్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథీడ్రల్‌లో మొదటి భక్తి సంగీత కచేరీ చేస్తే, డ్రమ్ముల దగ్గర కూర్చున్నది బెల్సనే. తర్వాత సొంత బిగ్ బాండ్లు నడిపాడు, పిల్లలకి నేర్పాడు, రాశాడు. వెయ్యికి పైగా రచనలూ అరేంజ్‌మెంట్లూ ఆయన పేర చెబుతారు. 1994లో జాజ్ మాస్టర్ గౌరవం దక్కింది. 2009లో లాస్‌ఏంజెలిస్‌లో పోయాడు.

'స్కిన్ డీప్' ఎక్కడైనా దొరికితే వినండి. డ్రమ్ముల సోలో అవగానే చప్పట్లు కొట్టి లేచిపోకండి. బాండంతా తిరిగి వచ్చి పడే చోటు ఒకటుంది, అక్కడిదాకా ఆగండి. ఆ తర్వాత అది రాసిందెవరో కవరు మీద చదవండి.