పేరు సరే, అడ్రసు ఏదీ?

సోదరీమణులారా, ఈ వారం వంట సంగతి కాస్త పక్కన పెడదాం. మొన్నామధ్య మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టడానికి ఆఖరి రోజు. చారు దించి ఫోను పట్టుకుంటే కాలేజీ సైటు తెరుచుకోదే! పక్కింటి వదిన ఫోన్లో మాత్రం నిక్షేపంగా వస్తోంది. "గడువు దాటితే హాల్ టికెట్ ఇవ్వరమ్మా" అని పిల్ల ఒకటే ఏడుపు.

వదిన ఫోన్లో వై-ఫై లేదు, మొబైల్ డేటా ఉంది. నేనూ వై-ఫై ఆపి చూశాను. వెంటనే వచ్చింది! రసీదు చేతికొచ్చాకే అందరం అన్నాలు తిన్నాం.

కారణం మర్నాడు మా మరిది కొడుకు చెప్పాడు. కంప్యూటర్లకి పేర్లు పట్టవు, నంబర్లే కావాలి. మనం పేరు కొడితే నంబరు వెతికిపెట్టే ఏర్పాటే డీఎన్ఎస్. పూర్వం అమెరికాలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ బృందం ఈ పేర్లన్నీ ఒకే జాబితాలో రాసి ఉంచేది. కంప్యూటర్లు పెరిగేసరికి అది చాలక, 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ తయారుచేశారు. ఇప్పుడు ఒక్కో సైటుకి ఒక అసలు పద్దు, దానికి చాలా చోట్ల నకళ్ళు.

మా ఆడపడుచు ఇబ్రహీంపట్నం నుంచి హయత్‌నగర్‌కి ఇల్లు మారింది. అత్తయ్య తన డైరీలో దిద్దుకున్నారు, నేను దిద్దుకోలేదు. పెళ్ళికార్డు పాతింటికి పోయింది! ఇదీ అంతే. కాలేజీవాళ్ళు సైటుని కొత్త మెషీనుకి మార్చారు, మా వై-ఫై వాళ్ళ దగ్గర పాత నంబరే ఉండిపోయింది. ఇలా దాచుకున్న నంబరుకి ఒక గడువుంటుంది. అది తీరాకే కొత్తది అడుగుతారు.

ఇంకో తిరకాసు కూడా ఉందట. అసలు పద్దు దిద్దినప్పుడల్లా దానిమీది సీరియల్ నంబరు పెంచాలి. మరిచిపోతే నకలు సర్వర్లు ఏమీ మారలేదనుకుని పాతదే పట్టుకు కూర్చుంటాయి. అప్పుడు ఒకరికి వస్తుంది, ఒకరికి రాదు.

మీకూ ఇలా జరిగితే:

1. సైటు పేరు స్పెల్లింగు చూడండి. వేరే సైటు తెరవండి. అదీ రాకపోతే తప్పు మీ నెట్‌ది.

2. వై-ఫై ఆపి మొబైల్ డేటాతో చూడండి.

3. రౌటరు ఆపి, ఒక నిమిషం ఆగి వేయండి. ఫోను కూడా ఆపి వేయండి.

4. ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో 'ప్రైవేట్ డీఎన్ఎస్' ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడండి.

5. ఎవరికీ రాకపోతే తప్పు అవతలివాళ్ళది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ ప్రపంచమంతా దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్లే ఎవరికీ అందలేదు. అలాంటప్పుడు టైము కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఆఫీసుకి పంపండి. గడువు అడగడానికి పనికొస్తుంది.

ఒక్క మాట మరవకండి. కంగారులో ఎవరో పంపిన లింకులో మాత్రం డబ్బు కట్టొద్దు సుమా! మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

అన్నట్టు, ఫీజు ఆఖరి రోజు దాకా ఆగడం నా తప్పే. మీరు ఆగకండేం!